నెపోలియన్ చరిత్రములు – ఆప్తవాక్య విచారము

ఉపక్రమము

చరిత్ర రచనకు రెండు విధములైన విఘ్నములు కలవు. సామగ్రి చాలనిచోట ఊహ ప్రవేశించును. సామగ్రి మితిమీరినచోట రాగద్వేషములు ప్రవేశించును. కాళిదాసాది మహాకవుల కాలనిర్ణయమునకు పూనుకొన్న పండితులకు మొదటి విఘ్నము సుపరిచితమే. రెండవదానికి ఫ్రెంచి చక్రవర్తియైన నెపోలియన్ బోనపార్టు చరిత్రములకంటె తగిన నిదర్శనము దొరకుట అరుదు. 1769 ఆగస్టు 15న కోర్సికా ద్వీపమునందలి అజాక్సియో పట్టణమున జన్మించి, 1821 మే 5న సెయింట్ హెలీనా ద్వీపమున బందీగా మరణించిన ఈతనికి ఆయుర్దాయము 52 సంవత్సరములైనను నిండలేదు. ఆ స్వల్పాయువును గూర్చి రెండు శతాబ్దములుగా వివిధ భాషలలో వెలువడుచున్న గ్రంథములను ఒక్క మనుష్యుడు జీవితకాలమున చదివి ముగింపజాలడు.

ఇన్ని గ్రంథము లున్నను వివాదము తీరలేదు. ఒకరికి ఈతడు విప్లవమును శాసనబద్ధము చేసిన ధర్మస్థాపకుడు. వేరొకరికి ఆ విప్లవమును మ్రింగిన నిరంకుశుడు. గ్రంథసంఖ్య పెరిగినకొలది ఐకమత్యము పెరుగకుండుటకు కారణ మేమి? సామగ్రిలో లోపము కలదా, లేక ఆ సామగ్రిని పరీక్షించు విధానమున లోపము కలదా? పండ్రెండవ శతాబ్దమున, 1148–1150 సంవత్సరముల నడుమ రాజతరంగిణిని రచించిన కల్హణుడు, గతవృత్తమును చెప్పువాని వాక్కు న్యాయాధిపతి వాక్కువలె రాగద్వేషరహితముగ నుండవలెనని గ్రంథారంభముననే పలికెను. న్యాయాధిపతి కర్తవ్యము రాగద్వేషములను విడుచుటతో ముగియదు. సాక్షులను పరీక్షించుటయు ఆతని పనియే. ఆ సాక్షిపరీక్షకు న్యాయ మీమాంసా శాస్త్రములు ఏర్పరచిన కొలతలు నెపోలియన్ చరిత్రముల విషయమున ఎంతవరకు ఉపకరించునో ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

నాయకుడే కర్త

చరితకావ్యములందు కవియు నాయకుడును వేర్వేరుగ నుండుట సామాన్యరీతి. హర్షుని చరితమును బాణభట్టు రచించెను. కళ్యాణి చాళుక్య విక్రమాదిత్యుని చరితమును బిల్హణుడు రచించెను. అన్నయైన సోమేశ్వరుని తొలగించి విక్రమాదిత్యుడు రాజ్యమును గైకొన్న వృత్తాంతమును బిల్హణుడు శివాజ్ఞకు లోబడి చేసిన కార్యముగ వర్ణించెను. ఆశ్రయమిచ్చిన రాజునకు ఆస్థానకవి చేయు ఉపకారము ఇట్టిది. నెపోలియన్ కట్టి ఉపకారమునకై కవిని వెదకవలసిన అగత్యము కలుగలేదు. ఆతడే తన చరిత్రమునకు ప్రథమ కర్త అయ్యెను.

ఆ కర్తృత్వము సెయింట్ హెలీనాలో ఆరంభమైనది కాదు. 1797లో ఇటలీ దండయాత్రలో సేనాపతిగా నున్నప్పుడే ఆతడు తన సేన పేర వార్తాపత్రికను నెలకొల్పెను. అందలి వార్తలు సైనికులకొరకే కాక, పారిస్ పౌరుల కొరకును ఉద్దేశింపబడినవి. పిమ్మట ప్రతి దండయాత్రయందును బులెటినులను పేరుగల యుద్ధప్రకటనలు వెలువడెను. వానిలో శత్రునష్టము పెరుగుటయు, స్వసేనానష్టము తరుగుటయు ఎంత సామాన్యమయ్యెననగా, బులెటినువలె అబద్ధమాడుట యనునది ఫ్రెంచివారిలో ఒక నానుడియే అయ్యెను.

1800 జూన్ 14న జరిగిన మారెంగో యుద్ధము దీనికి చక్కని దృష్టాంతము. ఆనాటి మధ్యాహ్నమునకు ఫ్రెంచిసేన వెనుకకు తగ్గి, అపజయము సమీపించియుండెను. దెసే అను సేనాని సకాలమున వచ్చి చేరుటయు, కెలెర్మాన్ అశ్వదళముతో శత్రుసేనపై పడుటయు జయమునకు కారణములయ్యెను. దెసే ఆ యుద్ధముననే మరణించెను. ఈ యుద్ధమును గూర్చిన అధికార వృత్తాంతము అనంతర సంవత్సరములలో మరల మరల మార్చి వ్రాయింపబడెను. 1805 నాటి రూపమున, విధిలేక వెనుకకు తగ్గుట ముందుగా నిర్ణయించుకొన్న వ్యూహముగ మారెను. జయమును గడించినవాడు ఆ జయము తన బుద్ధిచేతనే కలిగెనని చెప్పుకొనదలచెను; అందుకు యుద్ధభూమి అంగీకరింపనిచో కాగితము అంగీకరించెను.

చిత్రకళయు ఈ విధముననే వినియోగింపబడెను. 1804 డిసెంబరు 2న జరిగిన పట్టాభిషేకమును దవీద్ అను చిత్రకారుడు మహాపటముగ రచించెను. ఆ పటము నడుమ చక్రవర్తి తల్లి లెటిజియా ఆసీనురాలై కనబడును. వాస్తవమున ఆమె ఆ ఉత్సవమునకు రానేలేదు. కన్నులార చూచినట్లు తోచు పటము సయితము ప్రత్యక్షప్రమాణము కాజాలదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

1815 జూన్ 18న వాటర్లూలో ఓడిన పిమ్మట, ఆ సంవత్సరము అక్టోబరులో నెపోలియన్ సెయింట్ హెలీనాకు చేర్పబడెను. వెంటవచ్చిన బెర్ట్రాన్, మోంతోలోన్, గూర్గో, లాస్ కాజ్ అనువారలకు ఆతడు తన వృత్తాంతమును చెప్పి వ్రాయించెను. వీరిలో లాస్ కాజ్ 1816 సంవత్సరాంతముననే ఆంగ్లాధికారులచేత ద్వీపమునుండి పంపివేయబడెను. ఆతని కాగితములు వశపరచుకొనబడి, నెపోలియన్ మరణానంతరము తిరిగి ఆతనికి అందెను. 1823లో ఎనిమిది సంపుటములుగ ప్రకటితమైన ఆతని ‘సెయింట్ హెలీనా స్మృతి’ పందొమ్మిదవ శతాబ్దమున అత్యధికముగ చదువబడిన గ్రంథములలో నొకటి. అందలి నాయకుడు శాంతికాముకుడు. యుద్ధము లన్నియు ఇతరులు ఆతనిపై మోపినవి. ఐరోపా జాతులకు స్వాతంత్ర్యమును ఇచ్చుటయే ఆతని అంతిమ సంకల్పము. ఈ గ్రంథమునకు ఫలము లేకపోలేదు. నెపోలియన్ సోదరపుత్రుడు లూయీ నెపోలియన్ 1848 డిసెంబరులో ప్రజల ఓట్లచే అధ్యక్షుడయ్యెను. 1852లో చక్రవర్తి అయ్యెను. మరణించిన ఖైదీ చెప్పిన కథ ఒక రాజ్యమును సంపాదించి పెట్టెననుట అతిశయోక్తి కాదు.

ఆప్తలక్షణము

నాయకుని వాక్యము ప్రమాణమగునా యను ప్రశ్న ఇచ్చట జనించును. ఆప్తుని ఉపదేశము శబ్దప్రమాణమని గౌతమ సూత్రము. ఆప్తుడనగా ఎవడను ప్రశ్నకు వాత్స్యాయన భాష్యము రెండు లక్షణములను చెప్పుచున్నది. విషయమును సాక్షాత్కరించుకొనియుండుట మొదటిది. చూచినదానిని చూచినట్లే తెలుపవలెనను కోరికచే ప్రేరితుడగుట రెండవది. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని భాష్యకారుడు స్పష్టముగ పలికెను. కావున ఈ కొలతను ఫ్రెంచి సేనాపతికి అన్వయించుట శాస్త్రవిరుద్ధము కాదు.

నెపోలియన్ యందు మొదటి లక్షణము సంపూర్ణముగ కలదు. తన యుద్ధములను, తన మంత్రాలోచనలను ఆతనికంటె సన్నిహితముగ చూచినవాడు లేడు. రెండవ లక్షణమే సందిగ్ధము. ఆంఘియన్ డ్యూకు వధను గూర్చి ఆతడు పలికిన పలుకులు దీనికి సాక్ష్యము. బూర్బోను వంశజుడైన ఈ యువకుని పరరాజ్యమునుండి పట్టి తెప్పించి, హడావుడిగ సైనికవిచారణ జరిపించి, 1804 మార్చి 21 తెల్లవారుజామున వాన్సెన్ దుర్గమున కాల్పించిరి. ఈ విషయమును చక్రవర్తి సన్నిహితులయొద్ద ఒక విధముగను, ఇతరుల యెదుట వేరొక విధముగను చెప్పుచుండెనని లాస్ కాజే వ్రాసియున్నాడు. ఒకప్పుడు అనుచరుల అత్యుత్సాహము కారణమయ్యెను. మరొకప్పుడు రాజ్యరక్షణము కారణమయ్యెను. 1821 ఏప్రిల్‌లో వ్రాసిన మరణశాసనమున మాత్రము ఆ కార్యభారమును తానే వహించెను. ఒకే వక్త, ఒకే విషయము, భిన్నవాక్యములు. ఇట్టిచోట వక్త సాక్షాత్కారము ఎంత గొప్పదైనను వాక్యమునకు స్వతః ప్రామాణ్యము చెల్లదు.

పార్శ్వసాక్షులకును ఇదే పరీక్ష అవసరము. బూరియెన్ అనువాడు నెపోలియన్ బాల్యమిత్రుడు, సహాధ్యాయి, అనంతరము కార్యదర్శి. ఆతని పేర 1829 మొదలు పది సంపుటములుగ వెలువడిన జ్ఞాపకములు సాక్షాత్కారబలముచే శ్రేష్ఠములుగ తోచును. కాని అవమానముతో కొలువునుండి తొలగింపబడినవాడగుటయు, ఆ గ్రంథమున చాలభాగమును అన్యుడు కూర్చుటయు తెలిసినపిమ్మట ఆ విశ్వాసము నిలువదు. మదామ్ రెమ్యుజా రాణి జోసఫీన్ అంతఃపురమున మెలగిన విదుషి. ఆమె నాటినాడు వ్రాసికొన్న దినచర్యను, 1815లో నెపోలియన్ ఎల్బానుండి మరలివచ్చినప్పుడు భయపడి తగులబెట్టెను. కొన్ని సంవత్సరముల పిమ్మట, రాజ్యము మారిన కాలమున, జ్ఞాపకమునుబట్టి మరల వ్రాసెను. ఆ గ్రంథము 1879 మొదలుకొని ఆమె మనుమనిచే ప్రకటింపబడెను. కాలిపోయిన దినచర్యయు, మిగిలిన జ్ఞాపకములును ఒక్కటే యని చెప్పుటకు వీలులేదు.

దీనికి ప్రతిగా కోలాంకూర్ సాక్ష్యమును నిలుపవచ్చును. 1812 నాటి రష్యా దండయాత్రలోను, సేనను విడిచి చక్రవర్తి పారిస్‌కు మరలిన ప్రయాణములోను ఆతడు వెంట నుండెను. విన్నదానిని నాటి రాత్రియే వ్రాసికొనుట ఆతని అలవాటు. ఆ దండయాత్ర వలదని చక్రవర్తికి ముఖాముఖిగ చెప్పినవాడగుటచే స్తుతిపాఠకుడు కాడు; కడవరకు సేవించినవాడగుటచే శత్రువును కాడు. ఆతని గ్రంథము 1933లో గాని ముద్రితము కాలేదు. సెయింట్ హెలీనా సహచరులలో గూర్గో స్వంతమునకై వ్రాసికొన్న దినచర్య 1899లోను, బెర్ట్రాన్ సంక్షిప్తలిపిలో వ్రాసినది 1949 మొదలుకొనియు వెలుగుచూచెను. వీరు లోకమునకు తెలుపుటకు గాక తమకొరకు వ్రాసికొనిరి. ఆ దినచర్యలందలి చక్రవర్తి ‘స్మృతి’యందలి ధీరోదాత్తునికంటె చిన్నవాడు, విసుగుకొనును, కోపించును, నిన్నటి మాటను నేడు మార్చును. చిన్నవాడైనను నమ్మదగినవాడు.

స్తుతినిందలు

అర్థవాదమును స్తుతి, నింద, పరకృతి, పురాకల్పము అని నాలుగు విధములుగ న్యాయసూత్రము విభజించినది. నెపోలియన్ చరిత్రములలో అధికభాగము మొదటి రెండింటిలో చేరును. ఐతే నింద విషయమున మీమాంసకులు చెప్పిన నహినిందాన్యాయము ఇచ్చట మిక్కిలి ఉపకారకము. నిందావాక్యమునకు నింద్యమును నిందించుటయందు తాత్పర్యము లేదనియు, తదితరమైన విధేయమును స్తుతించుటయందే తాత్పర్యమనియు ఆ న్యాయమున కర్థము.

1814లో చక్రవర్తి పతనమగుచుండగా షాటోబ్రియాన్ ప్రకటించిన పుస్తకము పేరే ‘బోనపార్టును బూర్బోనులను గూర్చి’. బోనపార్టు నింద్యుడు, బూర్బోను వంశము స్తుత్యము. న్యాయమునకు ఇంతకంటె సూటియైన ఉదాహరణము దొరకదు. పియేర్ లాంఫ్రే 1867 మొదలు ప్రకటించిన అయిదు సంపుటముల చరిత్రము మొదటి నెపోలియన్‌ను కఠినముగ ఖండించును. ఆ సమయమున సింహాసనమున నున్నవాడు మూడవ నెపోలియన్. పెదతండ్రిపై ఎత్తిన బాణము సోదరపుత్రుని ఉద్దేశించినది; విధేయము ప్రజాస్వాతంత్ర్యము.

స్తుతికిని ఇట్టి ఉద్దేశములు కలవు. అడోల్ఫ్ తియేర్ 1845 మొదలు 1862 వరకు ఇరువది సంపుటములుగ రచించిన చరిత్రము పరిపాలనావిషయములందు నేటికిని సంప్రదింపదగినది. ఆతడు కేవల పండితుడు కాడు. నెపోలియన్ శరీరావశేషములను సెయింట్ హెలీనానుండి పారిస్‌కు తెప్పింప నిర్ణయించిన 1840 నాటి ప్రభుత్వమునకు ఆతడే అధిపతి. జాతికి ఒక మహాపురుషుడు కావలసిన కాలమున ఆ గ్రంథము పుట్టినది.

ఆంగ్లభూమియందు ఈ ద్వంద్వము రెండు గ్రంథముల రూపమున కనబడును. ఋణభారముతో క్రుంగియున్న వాల్టర్ స్కాట్ 1827లో తొమ్మిది సంపుటముల చరిత్రమును ప్రకటించెను. శత్రుదేశీయుడైనను ఆతడు కేవలము నిందింపలేదు. ఆంగ్ల ప్రభుత్వ పత్రములను పరిశీలించి, సెయింట్ హెలీనానుండి మరలిన గూర్గో ఆంగ్లాధికారులతో పలికిన మాటలను వెల్లడించినందున, గూర్గోతో ద్వంద్వయుద్ధము వరకు వచ్చు వివాదమును తెచ్చుకొనెను. విలియం హాజ్లిట్ 1828–1830 నడుమ నాలుగు సంపుటములను రచించి, నెపోలియన్‌ను వంశపారంపర్య రాజత్వమునకు శత్రువుగ కీర్తించెను. ఆంగ్లేయుడే ఆంగ్లేయుల శత్రువును స్తుతించుటకు హేతువు స్వదేశ ప్రభువులయందలి విముఖత. ఒక దేశమున, మూడు సంవత్సరముల వ్యవధిలో, ఒకే నాయకుని గూర్చి రెండు భిన్నమూర్తులు నిలిచెను.

ఈ స్తుతినిందా పరంపరను మొత్తముగ పరిశీలించినవాడు హాలెండు దేశీయుడైన పీటర్ ఖైల్. 1940లో జర్మను సేన ఆతని దేశమును ఆక్రమించినప్పుడు ఈ విషయమున వ్యాసము వ్రాసెను. పిమ్మట బూఖెన్‌వాల్డు నిర్బంధశిబిరమున బందీగా నుండెను. విడుదలయైన తరువాత విస్తరించి వ్రాసిన గ్రంథము 1946లో ముద్రితమైనది. ఫ్రెంచి చారిత్రకులలో అనుకూలురు, ప్రతికూలురు అను విభాగము చేసి, ప్రతివాని మతమును ఆతని కాలముతో ముడిపెట్టి చూపుట ఆ గ్రంథవిశేషము. తనకు బాధకుడైన హిట్లరుతో నెపోలియన్‌ను సమానుని చేయకుండుట ఆ గ్రంథకర్త సంయమము. రాగద్వేషములు లేనివాడే పలుకవలెనని కల్హణుడు కోరెను. రాగద్వేషము లున్నవారి పలుకులనుండియు సత్యమును పిండవచ్చునని ఖైల్ నిరూపించెను.

అతిసంశయము

స్తుతిని నిందను చూచి విసిగినవాడు సర్వమును త్రోసిపుచ్చుటకు పూనుకొనవచ్చును. ఆ మార్గమునందలి అపాయమును ఇద్దరు గ్రంథకర్తలు పరిహాసముగ చూపిరి. 1819లో, నెపోలియన్ ఇంకను జీవించియుండగనే, రిచర్డ్ వేట్లీ అను ఆంగ్ల పండితుడు ఒక చిన్న పుస్తకమును పేరు లేకుండ ప్రకటించెను. అద్భుతములను గూర్చిన సాక్ష్యమును హ్యూమ్ అను తత్త్వవేత్త ఏ తర్కముతో ఖండించెనో, ఆ తర్కమునే అన్వయించినచో నెపోలియన్ అనువాడున్నాడని నమ్ముటకును ఆధారము చాలదని ఆతడు నిరూపించెను. వార్తాపత్రికలు పరస్పరము విరోధించుచున్నవి. వృత్తాంతము నమ్మశక్యము కానిది. చెప్పువారికి స్వప్రయోజనము కలదు. కావున నాయకుడే లేడు!

1827లో ఆజాన్ నగర గ్రంథాలయాధికారి పెరేస్ మరింత ముందుకు పోయి, నెపోలియన్ సూర్యుడే యని సిద్ధాంతము చేసెను. నామము అపోలో శబ్దమునుండి పుట్టినది. తల్లి లెటిజియా యనునది అపోలో తల్లి లెటో. నలుగురు సోదరులు నాలుగు ఋతువులు. పండ్రెండుగురు సేనానులు పండ్రెండు రాశులు. తూర్పుసముద్రమునుండి వచ్చి పడమటిసముద్రమున అస్తమించుట సూర్యగతి. సర్వమతములను సూర్యగాథలుగ వ్యాఖ్యానించిన డ్యుప్యుయి పద్ధతిని ఎగతాళి చేయుటకై ఇది వ్రాయబడినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వేదపురాణ వ్యక్తులనేకులను సూర్యునిగ, ఉషస్సుగ మార్చిన పాశ్చాత్య వ్యాఖ్యానములను ఎరిగిన సంస్కృతాధ్యాపకులు ఈ చిన్న పుస్తకమును విశేషముగ ఆదరింపదగియున్నది. పోలిక దొరికినంతమాత్రమున వ్యక్తి లుప్తుడు కాడు.

పత్రప్రమాణము

నాయకుని అనంతరవాక్యములకును తత్కాలవాక్యములకును గల భేదమును తెలుపునవి ఆతని ఉత్తరములు. మూడవ నెపోలియన్ ఆజ్ఞచే 1858 మొదలు 1869 వరకు 32 సంపుటములుగ వీని మొదటి ముద్రణము జరిగెను. ఐతే 1864లో పునర్వ్యవస్థీకృతమైన సంపాదకసంఘము వంశకీర్తికి భంగకరములైన ఉత్తరములను విడిచిపెట్టెను. అట్లు విడువబడినవానిలో అనేకములను లెసెస్త్ర్ 1897లో వేరుగ ప్రకటించెను. చరిత్రనాయకుని వాక్యమును ఆతని వంశమే కత్తిరించినదనుట ఈ ముద్రణమునుండి నేర్వదగిన పాఠము. 2004–2018 నడుమ ఫ్రాన్సునందలి నెపోలియన్ సంస్థ 15 సంపుటములుగ, 40,000 మించిన ఉత్తరములతో నూతన సంపుటీకరణమును పూర్తిచేసినది. ఆండ్రూ రాబర్ట్స్ 2014లోను, మైకేల్ బ్రోయర్స్ 2014 మొదలు 2022 వరకు మూడు సంపుటములుగను వ్రాసిన చరిత్రములు ఈ ముద్రణమును ఆధారము చేసికొన్నవి. 2007–2018 నడుమ ఫిలిప్ డ్వయ్యర్ వ్రాసిన మూడు సంపుటములు నాయకుడు తన కీర్తిని తానే ఎట్లు నిర్మించుకొనెనో నిశితముగ పరిశీలించుచున్నవి. ఉత్తరములు అందుబాటులోనికి వచ్చినను అభిప్రాయభేదము మిగిలినది. రాబర్ట్స్‌కు నాయకునియందు ఆదరము మెండు. డ్వయ్యర్‌కు సంశయము మెండు. కాని వివాదభూమి ఇరుకైనది; ఏమి జరిగెననుటకంటె జరిగినదానికి విలువ యేమి యనుటయందే విశేషముగ భేదించుచున్నారు.

పత్రములను కొన్నిచోట్ల నాయకునికంటె శత్రువే భద్రముగ కాపాడెను. 1799 జనవరిలో కైరోనుండి నెపోలియన్ టిప్పుసుల్తానుకు వ్రాసిన ఉత్తరము గమ్యము చేరక ఆంగ్లేయులచే చిక్కెను. అందుచేతనే దాని పాఠము నిలిచినది. ఆంగ్లేయుల ఫ్రెంచిభయము ఆ ఉత్తరమునకు ముందే దక్కనును తాకినది. హైదరాబాదు నిజాము కొలువునందు రేమండు కూర్చిన ఫ్రెంచి పటాలములు 1798 అక్టోబరులోనే రద్దు చేయబడెను. ఆ ఉత్తరము వ్రాసిన కొలది నెలలకు, 1799 మే 4న, శ్రీరంగపట్టణమున టిప్పు మరణించెను.

ఇట్లే లాస్ కాజ్ కాగితములకు ఆంగ్లాధికారులు తీయించిన ప్రతి ఒకటి బ్రిటిష్ గ్రంథాలయమున దొరకి, 2017లో తియెరీ లెంట్జ్ ప్రభృతుల సంపాదకత్వమున ముద్రితమైనది. 1823 నాటి ముద్రణముతో పోల్చగా, లోకప్రసిద్ధములైన కొన్ని నెపోలియన్ సూక్తులు ఆ మాతృకయందు కానరాలేదు. ఇన్నినాళ్లు చారిత్రకులు నాయకునివని ఉదాహరించిన వాక్యములు కొన్ని లేఖకుని చేతిలో పుట్టినవేమో యను శంక బలపడినది. పాఠపరిష్కరణము లేనిది ప్రామాణ్యవిచారము నిలువదను విషయము తాళపత్రప్రతులతో పరిచయము గలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

త్రివిధ వివేచనము

వక్త నిర్ణీతుడైన పిమ్మట వాక్యమును ఎట్లు గ్రహింపవలెను? అర్థవాదమును గుణవాదము, అనువాదము, భూతార్థవాదము అని మూడుగ విభజించు మీమాంసామార్గము ఇచ్చట నేరుగ అన్వయించును. ప్రమాణాంతరముతో విరోధించునది గుణవాదము. ప్రమాణాంతరముచే నిశ్చితమైనదానిని చెప్పునది అనువాదము. విరోధనిశ్చయములు రెండును లేనిది భూతార్థవాదము.

ఎల్బానుండి తప్పించుకొని 1815 మార్చి 1న దక్షిణతీరమున దిగి, మార్చి 20న పారిస్ చేరిన ప్రయాణమును గూర్చి నెపోలియన్ చెప్పినది స్థూలముగ అనువాదము. శత్రుమిత్రుల పత్రములు దానిని సమర్థించుచున్నవి. బాల్యమునందలి తన ఆలోచనలను గూర్చి ఆతడొక్కడే చెప్పినవి భూతార్థవాదములు. బాధకము దొరకువరకు వానిని వ్యవహారమునకై అంగీకరింపవచ్చును, వానిపై సిద్ధాంతమును నిర్మింపరాదు. ఇటలీ మొదలగు జాతుల స్వాతంత్ర్యమే తన సంకల్పమనుట గుణవాదము. ఏలన, 1810 ఆగస్టు 23న ఇటలీలో తన ప్రతినిధియైన యూజీన్‌కు వ్రాసిన ఉత్తరమున, ఇటలీ వాణిజ్యము ఫ్రాన్సు ప్రయోజనమునకు లోబడి నడువవలెనని ఆతడే శాసించెను. 1808లో స్పెయిన్ రాజులను తొలగించి సోదరుడైన జోసఫ్‌ను సింహాసనమున నిలుపుట ఆ జాతి కోరిన స్వాతంత్ర్యము కాదు.

ఐతే గుణవాదము వ్యర్థవాక్యము కాదు. ముఖ్యార్థము బాధితమైనచోట వేరొక అర్థమును గ్రహింపవలెను. జాతిస్వాతంత్ర్య వాక్యము 1810 నాటి నెపోలియన్‌ను గూర్చి అసత్యమైనను, సెయింట్ హెలీనా బందీని గూర్చి సత్యము. రానున్న తరము దేనిని ఆదరించునో ఆతడు గ్రహించి, కుమారుని రాజ్యమునకై దానిని తన పేర వ్రాయించుకొనెను. ఈ దూరదృష్టియు చరిత్రమున చేర్పదగిన అంశమే.

ఈ మూడింటికిని లొంగనిది మౌనము. 1794లో ఫ్రెంచి విప్లవసభ వలసరాజ్యములందు దాస్యమును రద్దుచేసెను. 1802 మే 20 నాటి శాసనముచే నెపోలియన్ దానిని మరల చెల్లుబాటు చేసెను. సాన్‌డొమాంగ్ ద్వీపమున నల్లజాతివారి నాయకుడైన తూసాఁ లూవెర్త్యూర్ ఆ సంవత్సరమే బంధింపబడి, 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్సునందలి జూ దుర్గమున చలిచేతను వ్యాధిచేతను మరణించెను. 1804 జనవరి 1న ఆ ద్వీపము హైటి పేర స్వతంత్రమయ్యెను. ఆ దండయాత్ర పొరపాటని సెయింట్ హెలీనాలో నెపోలియన్ ఒప్పుకొనెను. పొరపాటనెనే గాని పాపమనలేదు. పందొమ్మిదవ శతాబ్దపు చరిత్రములు ఆస్టర్లిట్స్ యుద్ధమునకు ఇచ్చిన అధ్యాయములతో పోల్చినచో ఈ విషయమున కిచ్చినవి కొలది పుటలు మాత్రమే. దాస్యమునకు మరలిన వేలకొలది జనులకు దినచర్యలు వ్రాయు సహచరులు లేరు. 2021 మే 5న ద్విశతవర్ధంతి సందర్భమున ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రోన్, దాస్యపునరుద్ధరణమును జ్ఞానోదయ యుగ భావమునకు ద్రోహముగ బహిరంగముగ పేర్కొనెను. స్తుతినిందలను పరీక్షించుటకు సూత్రములు కలవు. మౌనమును పరీక్షించుటకు చారిత్రకుని ధర్మబుద్ధియే సూత్రము.

ఉపసంహారము

ఆంఘియన్ డ్యూకు వధింపబడిన 1804 మార్చి 21 నాడే ఫ్రెంచి పౌరధర్మశాస్త్రము విధింపబడెను. చట్టము ముందర పురుషు లందరును సమానులని ప్రకటించిన ఆ శాస్త్రము అనేక దేశములకు మాతృకయైనది. భార్యను భర్తకు లోబడినదిగ చేసినదియు అదియే. విచారణ పేరిట వధయు, న్యాయము పేరిట శాస్త్రమును ఒకే దినమున, ఒకే ప్రభువు పేర వెలువడెను. స్తుతించువాడు శాస్త్రమును గ్రహించును. నిందించువాడు వధను గ్రహించును. ఇద్దరును అసత్యమాడుట లేదు. ఇద్దరును ఆ దినమును పూర్తిగ చెప్పుట లేదు. ఆ దినమును పూర్తిగ చెప్పజాలినదే చరిత్రము.

కావున తేలిన అంశములు ఇవి. మొదట వాక్యము ఎవరిదో పాఠపరిశోధనముచే నిర్ణయింపవలెను. పిమ్మట వక్తకు ఆప్తలక్షణములు రెండును కలవో లేవో పరీక్షింపవలెను. సామీప్యమాత్రము ఆప్తత్వము కాదు. స్తుతినిందలను వాని విధేయముతో చేర్చి గ్రహింపవలెను. బాధితవాక్యమును త్రోసివేయక, అది ఎవనికొరకు పుట్టెనో విచారింపవలెను. మాటలాడని పక్షమును వెదకవలెను. శాసనప్రశస్తులను, చరితకావ్యములను పరిశోధించు ప్రాచ్యకళాశాలలకు ఈ క్రమము క్రొత్తది కాదు. ప్రతి పాఠశాలయందును శాస్త్రముగ చెప్పబడుచున్నదే. పుష్కలమైన పత్రములుగల ఆధునిక నాయకునియందు ఆ శాస్త్రమును ప్రయోగించి చూచుటవలన, పత్రములు స్వల్పములైన ప్రాచీన నాయకుల విషయమున ఎంతవరకు నమ్మవచ్చునో, ఎచ్చట ఆగవలెనో తెలియును.